గతించిన పాదుషా పేరిట నాణెం

రాజోలు ప్రాంతం నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. పదవ తరగతి చదువుతున్న ఆమె కుమారుణ్ణి తోటి విద్యార్థి ఒకడు ‘మీ ఔరంగజేబు’ అని ఎత్తిపొడిచాడట. పిల్లవాడు రెండు రోజులు ముభావంగా ఉండి, మూడవ రోజున తన ఫోనులో ఒక తుర్కీ ధారావాహికలోని ఖడ్గధారి బొమ్మ పెట్టుకున్నాడు. ఇదేమిటని అడిగితే ‘వాళ్లకు రాజులుంటే మనకూ ఉన్నారమ్మీ’ అన్నాడట. ఆ తల్లి ప్రశ్న ఒక్కటే. ‘నేను వాడికి ఏమని చెప్పాలి? ఔరంగజేబు మనవాడని చెప్పాలా, కాదని చెప్పాలా?’

ఈ నెల శీర్షికను ఆ తల్లికి జవాబుగానే వ్రాస్తున్నాము. ఔరంగజేబు మంచివాడా, చెడ్డవాడా అనే తర్కంలోనికి మేము దిగబోవడం లేదు. అది చరిత్రకారుల పని. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. వందల సంవత్సరాల క్రిందట గతించిన రాజులను సమాధుల నుండి లేపి మన పిల్లల మధ్య నిలబెడుతున్నది ఎవరు? వారికి ఆ రాజులతో పని ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఢిల్లీ వరకు పోనక్కరలేదు. కోనసీమలోనే మొదలుపెట్టవచ్చు.

మనం నిత్యం పలికే మాట ఒకటి ఉన్నది: సర్కారు. సర్కారు బడి, సర్కారు ఆసుపత్రి, గట్ల వెంట పెరిగే సర్కారు తుమ్మ. కాకినాడ నుండి నడిచే ఒక రైలుకు కూడా సర్కారు ఎక్స్‌ప్రెస్ అనే పేరు. ఇది పారశీకం నుండి వచ్చిన మాట. మొగలుల పాలనలో సుబాకు లోబడిన విభాగాన్ని సర్కారు అనేవారు. మన లంకలన్నీ ఆనాటి రాజమహేంద్రవరం సర్కారులోనివి. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇప్పటి అల్లవరం మండలంలోని బెండమూర్లంకలో ఒక వర్తకశాల ఉండేది. బట్టలు కొని ఓడలకెత్తే ఆ వర్తకులు ఈ నేలకు ప్రభువులు ఎలా అయ్యారు?

1765 ఆగస్టు 12న మొగల్ పాదుషా షా ఆలం పేరిట వెలువడిన ఫర్మానాల ద్వారా వారికి బెంగాలు దివానీతోపాటు ఉత్తర సర్కారులు కూడా దక్కాయి. మరుసటి సంవత్సరం నవంబరులో నిజాం అలీ ఖానుతో ఒడంబడిక కుదుర్చుకున్నారు. ఫర్మానా ఇచ్చిన పాదుషా ఆ దినాలలో అలహాబాదులో కంపెనీ సేనల నీడన, కంపెనీ ఇచ్చే భరణంతో బ్రతుకుతున్నాడు. అంతకు ముందు సంవత్సరమే బక్సరు యుద్ధంలో అతని పక్షం కంపెనీ చేతిలో ఓడిపోయింది. అంటే, తాము ఓడించిన పాదుషా చేతనే తమకు అధికారపత్రం వ్రాయించుకున్నారు. కత్తితో గెలిచినవారికి కాగితం ఎందుకు? కత్తి భయాన్ని మాత్రమే పుట్టిస్తుంది. శిస్తు కట్టే రైతు మనస్సులో ‘వీరికి హక్కు ఉన్నది’ అనే భావన కలగాలంటే పాత ముద్ర కావాలి.

నాణేల సంగతి చూస్తే ఈ విషయం ఇంకా తేటతెల్లమవుతుంది. కంపెనీవారు మద్రాసు టంకశాలలో ఆర్కాటు రూపాయలపై రెండవ ఆలంగీరు పాదుషా పేరు ముద్రించేవారు. ఈయన ఔరంగజేబు కాడు, ఔరంగజేబు బిరుదునే తరువాత ధరించిన మరొక పాదుషా. ఆయన 1759లో హత్యకు గురయ్యాడు. అయినా పందొమ్మిదవ శతాబ్దంలో సైతం ఆయన పేరిటే, ఆయన పాలనా సంవత్సరంతోనే, రూపాయలు తయారవుతూ వచ్చాయి. అదే కంపెనీ అదే మద్రాసులో బంగారు వరహాలపై విష్ణుమూర్తి రూపాన్ని ముద్రించింది. వెండికి మొగల్ పాదుషా, బంగారానికి విష్ణువు! ఆ వర్తకులకు పాదుషాపై ప్రేమ లేదు, విష్ణువుపై భక్తి లేదు. నాణెం చెల్లుబాటు కావాలి, అంతే. తమ బలం స్థిరపడిన పిదప, 1835లో రెండు ముద్రలనూ ప్రక్కనపెట్టి తమ రాజు నాలుగవ విలియం తలను నాణెంపై అచ్చువేశారు.

అధికారానికి గతించిన చక్రవర్తులంటే ఎందుకు ఇష్టమో ఇక్కడ బోధపడుతుంది. గతించిన పాదుషా జీతం అడగడు, సలహా ఇవ్వడు, తన పేరిట జరుగుతున్నదానిని ఖండించడు. బ్రతికి ఉన్న పాదుషా మాత్రం అడ్డమే. అందుకే 1858 జనవరిలో బహాదుర్ షా జఫరును ఆయన కోటలోనే, ఆయన దివానె ఖాసులోనే విచారణకు నిలబెట్టి, రంగూనుకు పంపివేశారు. 1862 నవంబరు 7న ఆయన పరాయి నేలలో కన్నుమూశారు.

వంశాన్ని వెళ్లగొట్టినవారు ఆ వంశపు వైభవాన్ని మాత్రం తమ వద్దే ఉంచుకున్నారు. 1877 జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో మొగలుల పద్ధతిలో దర్బారు తీర్చి విక్టోరియా రాణిని ‘కైసరె హింద్’గా ప్రకటించాడు. కైసర్ రోము చక్రవర్తుల బిరుదు. వచ్చిన సంస్థానాధీశులకు ఐరోపా మధ్యయుగపు రాజచిహ్నాల శైలిలో కుట్టించిన పతాకాలు పంచాడు. ఒకే పందిరి క్రింద రోము, మొగలాయి, మధ్యయుగపు ఐరోపా! ఆ దినాలలోనే మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు. గోదావరి ఆనకట్ట నీరు అందిన డెల్టా బ్రతికి బయటపడింది గాని బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనం పిట్టల్లా రాలిపోయారు. మరుసటి సంవత్సరం, 1878లో, దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం వచ్చింది. దర్బారు, కరవు, పత్రికల చట్టం అన్నీ ఒకే పాలకుని కాలంలోనివి. 1911 డిసెంబరులో అయిదవ జార్జి దంపతులు ఎర్రకోట ఝరోకాలో నిలిచి ప్రజలకు దర్శనమిచ్చారు. మొగల్ పాదుషాలు ప్రజలకు కనిపించిన చోటు అది. ఆ కోట వారసుణ్ణి తరిమినవారి మనుమడు అక్కడ నిలబడ్డాడు.

ఈ రోగం పేరు దివ్య ఖుర్‌ఆన్ మనకు ఎప్పుడో చెప్పింది. జుఖ్రుఫ్ సూరాలో ఫిరౌను తన జాతిని పిలిచి, మిస్రు రాజ్యం నాది కాదా, నా క్రింద పారే ఈ నదులు నావి కావా అని అడుగుతాడు. మూసా (అలై) ప్రవక్త అయితే ఆయనపై బంగారు కడియాలు ఎందుకు దిగలేదని ఎగతాళి చేస్తాడు. గౌతమి, వశిష్ఠ, వైనతేయల నడుమ బ్రతికే మనకు ఆ మాటలోని దురహంకారం తేలికగానే అర్థం కావాలి. గోదావరి నాది అన్న రాజులు ఎందరో వచ్చారు, పోయారు. నది పారుతూనే ఉన్నది. ఫిరౌను వాదంలో న్యాయం ప్రస్తావన లేదు, బానిసలైన ఇస్రాయీలు సంతతి గోడు లేదు. ఉన్నవి రెండే: నదులు, కడియాలు. అతడు తన జాతిని తేలికగా తీసుకున్నాడనీ, వారు అతనికి విధేయులయ్యారనీ ఆ సూరా చెబుతుంది. తళుకును చూసి తలవంచిన జాతికి కూడా అందులో మందలింపు ఉన్నదని గమనించాలి.

ఇంతవరకు పరాయి పాలకుల సంగతి చెప్పుకున్నాము. ఇక మన ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఇది చెప్పకపోతే మా మాటకు విలువ ఉండదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) రాజాధిరాజు అనే బిరుదును అల్లాహ్ దృష్టిలో అత్యంత హేయమైన పేరుగా పేర్కొన్నట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ తెలుపుతున్నాయి. దీనికి పారశీకంలో సరిపోయే మాట షాహన్‌షా అని ఆ హదీసును ఉల్లేఖించినవారే వివరించారు. అయినా ఇరవయ్యవ శతాబ్దంలో ముస్లిం దేశమైన ఇరానును ఏలిన ముహమ్మద్ రజా పహ్లవీ ఆ బిరుదునే కోరి ధరించాడు. 1971లో పర్సెపోలిస్ శిథిలాల మధ్య రెండున్నర వేల సంవత్సరాల రాచరికపు ఉత్సవం జరిపాడు. 1976లో పంచాంగం నుండి హిజ్రత్‌ను తొలగించి, సైరస్ చక్రవర్తి నుండి లెక్కపెట్టే షాహన్‌షాహీ శకాన్ని తెచ్చాడు. ఒక్క ఆజ్ఞతో 1355 కాస్తా 2535 అయిపోయింది! ఈ వైభవం వెనుక సావాక్ అనే రహస్య పోలీసు వ్యవస్థ ఉన్నది. జనం తిరగబడిన తరువాత 1978లో పాత శకం మరల వచ్చింది. 1979 జనవరిలో షాహన్‌షా దేశం విడిచి పోయాడు.

ఇరాకులో సద్దాం హుస్సేను వ్యవహారం ఇంతకన్నా చేదైనది. సుల్తాను సలాహుద్దీన్ అయ్యూబీ తిక్రీతులో జన్మించాడు. తానూ ఆ ప్రాంతంవాడినేనని సద్దాం తన చిత్రాన్ని ఆయన చిత్రం సరసన వేయించుకున్నాడు. ఇరానుతో చేసిన ఎనిమిదేళ్ల యుద్ధానికి ఖాదిసియా అని పేరు పెట్టాడు. ఇస్లాం తొలినాళ్లలో పారశీక సామ్రాజ్యంపై జరిగిన యుద్ధం పేరు అది. ఇప్పుడు ఇరువైపులా మరణించినది ముస్లింలే. సలాహుద్దీన్ కుర్దు జాతివాడు. 1988లో ఆ కుర్దులపైనే సద్దాం సేనలు విరుచుకుపడ్డాయి. ఆ దాడులకు పెట్టిన పేరు ‘అన్‌ఫాల్’, అల్లాహ్ గ్రంథంలోని ఎనిమిదవ సూరా పేరు! ఆ సంవత్సరం మార్చి 16న హలబ్జా పట్టణంపై విషవాయువు కురిపించి వేలాది మందిని చంపారు. సలాహుద్దీన్ చిత్రం గోడమీద, సలాహుద్దీన్ జాతి పిల్లలు మట్టిలో. సుల్తాను బ్రతికి ఉంటే ఏ పక్షాన నిలిచేవాడు?

ఇది ముస్లిం దేశాలకు మాత్రమే పట్టిన జాడ్యం కాదు. హిట్లరు 1938లో వియన్నా నుండి పవిత్ర రోమను సామ్రాజ్యపు కిరీటాన్ని, ఖడ్గాన్ని తన పార్టీ సభలు జరిగే న్యూరెంబర్గుకు తరలించాడు. స్పెయినులో ఫ్రాంకో పాలన గ్రెనడాను జయించిన ఇసబెల్లా, ఫెర్డినాండుల కాడి, బాణాల గుర్తును తన గుర్తు చేసుకుంది. మతం వేరు, దేశం వేరు, పద్ధతి ఒక్కటే.

మన తెలుగు నేలపైనా ఈ కథ జరిగింది. హైదరాబాదు నిజాముల వంశానికి ఆసఫ్‌జాహీ అనే పేరు మొగల్ పాదుషా ఇచ్చిన బిరుదు నుండి వచ్చింది. సులైమాన్ (అలై) కొలువులోని మంత్రిగా చెప్పే ఆసఫ్ అంతటి స్థాయి కలవాడని దాని అర్థం. ఖుర్‌ఆన్‌లో ఆ కొలువు ముచ్చట చదివినవారికి ఒక సంగతి గుర్తుండాలి. సబా రాణి సింహాసనం కళ్లముందు ప్రత్యక్షమైనప్పుడు సులైమాన్ (అలై) గర్వించలేదు. ఇది నా ప్రభువు అనుగ్రహం, నేను కృతజ్ఞుడనో కృతఘ్నుడనో పరీక్షించడానికి వచ్చింది అన్నారు. 1947-48లో రజాకార్ల నాయకులు ఆసఫ్ పేరును తీసుకున్నారు, సులైమాను వినయాన్ని విడిచిపెట్టారు. ఆసఫ్‌జాహీ పతాకను ఎర్రకోటపై ఎగురవేస్తామని ప్రగల్భాలు పలికారు. బైరాన్‌పల్లి వంటి పల్లెలలో నెత్తురు పారించారు. ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఇది తప్పని వ్రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో అతణ్ణి చంపి, వ్రాసిన చేతిని నరికివేశారు. ముస్లిం సింహాసనాన్ని కాపాడుతామన్నవారు ముందుగా చేయి నరికినది ఒక ముస్లిం పాత్రికేయునిది.

దాని మూల్యం ఎవరు చెల్లించారు? సెప్టెంబరులో భారత సేనలు ప్రవేశించాయి. నిజాం తరువాత రాజప్రముఖుడయ్యాడు. సింహాసనంతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లింలు, చేనేతవారు, కూలీలు, వేల సంఖ్యలో హతులయ్యారు. పోలీసు చర్య కాలంలోనూ దాని తరువాతా మరణించినవారిని సుందర్‌లాల్ కమిటీ 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసింది. రాజచిహ్నాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవారు ఒకరు, దాని బరువు క్రింద నలిగినవారు మరొకరు. ఈ తల్లులు, ఈ పిల్లలు ఏ పతాకనూ కోరలేదు.

ఎన్నికలలో గెలిచిన ప్రభుత్వాలకు కూడా ఈ ఆకర్షణ తప్పలేదు. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనంలో, ప్రజాప్రతినిధుల సభాపతి ఆసనం ప్రక్కన, చోళరాజుల సంప్రదాయానికి గుర్తుగా చెప్పే సెంగోలును ప్రతిష్ఠించారు. 2025 మార్చిలో ఖుల్దాబాదులోని ఔరంగజేబు సమాధిని తొలగించాలన్న ఆందోళన నాగపూరులో అల్లర్లకు దారితీసింది. ఆ పాదుషా గతించినది 1707లో. ఆయన కోరినట్లే పైకప్పు లేని మట్టి సమాధిలో ఉన్నాడు. అతనికి ఆ అల్లర్లతో నష్టమూ లేదు, లాభమూ లేదు. కాలినవి ఈనాటి మనుషుల వాహనాలు, దుకాణాలు. ఒక రాజును ఎత్తుకోవడమూ, మరొక రాజును తిట్టించడమూ ఒకే బేరంలోని రెండు చేతులు. ఇద్దరి పేరిటా జరిగేది ఒక్కటే: ధరలు, చదువులు, ఉద్యోగాలు, న్యాయం అడగవలసిన నోళ్లను చరిత్ర జగడంలోనికి మళ్లించడం.

అయితే పాత కట్టడాలనూ, గుర్తులనూ ప్రేమించడమే దోషమని మేము అనడం లేదు. తెలంగాణ రాజముద్రలో 2014 నుండి కాకతీయ తోరణమూ చార్మినారూ రెండూ ఉన్నాయి. అవి రాచరికపు గుర్తులని 2024లో ప్రభుత్వం తొలగించబోతే, జనంలో ఎందరో అవి మావి అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. తోరణాన్ని చెక్కిన చేతులు రాజుగారివి కావు, చార్మినారుకు సున్నం మోసిన భుజాలు కుతుబ్‌షాహీలవి కావు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కొలువున నన్నయ భారతాన్ని తెలుగు చేశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనకు కూడా ఆ భాషలో వాటా ఉన్నది. జనం ప్రేమించే గుర్తు జనాన్ని కలుపుతుంది. పాలకుడు తన పీఠం క్రింద పెట్టుకునే గుర్తు జనం నోటికి తాళం వేస్తుంది. ఈ తేడా తెలిస్తే చాలు.

దైవప్రవక్త (స) వద్ద ఒక రాజముద్ర ఉండేది. రాజులు ముద్ర లేని లేఖను చదవరని అనుచరులు విన్నవించగా ఆయన ఒక వెండి ఉంగరం చేయించారు. ఆయన పేరు దానిపై చెక్కించారు. లేఖలు పంపడానికి పనికివచ్చే వస్తువు, అంతే. ఆ ఉంగరం అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి), ఉస్మాన్ (రజి) చేతులకు క్రమంగా వచ్చింది. ఉస్మాన్ (రజి) కాలంలో అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెదికారు, దొరకలేదు. లోకంలో అంతకన్నా విలువైన ముద్ర మరొకటి ఉంటుందా? అయినా దానితోపాటు ధర్మం బావిలో పడిపోలేదు. నమాజు నిలిచింది, జకాతు నిలిచింది, న్యాయం కావాలన్న కోరికా నిలిచింది. ఆ ఉంగరం వేలికి లేనివారు ముస్లింలు కాకపోలేదు.

మన ఇళ్లలో తరచు చెప్పుకునే మరొక ముచ్చట కూడా ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ప్రసంగించడానికి లేచినప్పుడు ఒక వ్యక్తి అడ్డుపడి, అందరికీ ఒక్కొక్క వస్త్రం వచ్చినప్పుడు మీ ఒంటిపై రెండెందుకున్నాయని నిలదీశాడు. ఖలీఫా కోపగించలేదు. కుమారుడు అబ్దుల్లాహ్ లేచి, తన వంతు వస్త్రాన్ని తండ్రికి ఇచ్చానని చెప్పిన తరువాతనే ప్రసంగం సాగింది. ఇస్లాం మనకు చూపే రాజచిహ్నం ఏదైనా ఉంటే అది ఆ ప్రశ్నే. పాలకుణ్ణి నిలదీయగల సామాన్యుడు, జవాబు చెప్పవలసినవాడనని తెలిసిన పాలకుడు.

కనుక రాజోలు సోదరికి మా జవాబు ఇది. అమ్మా, ఔరంగజేబు మనవాడనీ చెప్పవద్దు, పరాయివాడనీ చెప్పవద్దు. అతడు ఒక రాజు, తన కర్మల లెక్క తానే అల్లాహ్‌కు చెప్పుకుంటాడు. గతించినవారు చేసుకున్నది వారికి, మనం చేసుకున్నది మనకు. వారి పనులకు మనల్ని ప్రశ్నించరని ఖుర్‌ఆన్ బఖరా సూరాలోనే చెప్పింది. ఆ మాట మీ అబ్బాయికి ఎంతో ఊరట. అతనిపై మూడు శతాబ్దాల నాటి అప్పు ఏదీ లేదు. ఫోనులోని బొమ్మను కోపంతో తీసివేయించకండి. పక్కన కూర్చుని ఆర్కాటు రూపాయి కథ చెప్పండి, షోయబుల్లా కథ చెప్పండి. ఎత్తిపొడిచిన ఆ పిల్లవాణ్ణి ఒక ఆదివారం భోజనానికి పిలవండి. అతనికీ ఎవరో ఒక గతించిన రాజును అంటగట్టి ఉంటారు.

మన జిల్లా ఈనాడు ఏ చక్రవర్తి పేరునూ మోయడం లేదు. భారత రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరును మోస్తున్నది. ఆ పేరు పెట్టబోయినందుకే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయని మరువలేము. పేరు మార్చినంత మాత్రాన మనస్సు మారదు. కాని ఫర్మానాతో చేతులు మారిన సర్కారులోనివారం, ఇప్పుడు ఓటుతో పాలకుణ్ణి ప్రశ్నించే పౌరులం అయ్యాము. పిల్లలకు వారసత్వంగా ఇవ్వదగినది ఆ హక్కు.

అల్లాహ్ మన పిల్లలను తళుకుకు లొంగనివారిగా, న్యాయం కోసం నోరు విప్పేవారిగా తీర్చిదిద్దుగాక. ఆమీన్.